ఎపాక్సీ జిగటగా మిగిలిపోకుండా కలిపి, పోసి, గట్టిపరచడం ఎలా?

“పోసి రెండు రోజులైంది, ఇంకా వేలికి అంటుకుంటోంది. పైన కాస్త హార్డెనర్ రాస్తే సరిపోతుందా?” ఎపాక్సీ (రెసిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాలను కలిపితే గట్టిపడే ప్లాస్టిక్) గురించి నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది అడిగేది ఇదే. చెక్క టీపాయ్ మీద పోసుకున్నవాళ్లు, పూలరేకులు పెట్టి కీచైన్లు చేసి అమ్ముకునేవాళ్లు, జనపనారను రెసిన్‌లో తడిపి కాంపోజిట్ ప్లేట్లు చేసే బీటెక్ కుర్రాళ్లు, అందరిదీ ఒకటే గోడు. సరిపోదు. పైన రాసిన హార్డెనర్ లోపలికి దిగదు, ఏ కాస్త దిగినా లెక్క కుదరదు. తేడా కొట్టింది కాటా దగ్గరో, కలిపిన కప్పులోనో. అందుకని మొదటి నుంచీ వరుసగా చెబుతాను.

ముందు ఒక అపోహ వదిలించుకోవాలి. మన దగ్గర చాలామందికి రెసిన్ అంటే మొదట తెలిసేది ఫైబర్ షాపులో దొరికే పాలిస్టర్ రెసిన్. బంపర్లు, షీట్లు, బొమ్మలు చేసేది దానితోనే. అందులో ఎంఈకేపీ అనే ద్రావణాన్ని 1 నుంచి 2 శాతం కలుపుతారు. చలిగా ఉంటే కొంచెం ఎక్కువ, ఎండగా ఉంటే కొంచెం తక్కువ. అక్కడ అది చెల్లుతుంది, ఎందుకంటే అది చర్యను మొదలుపెట్టడానికి మాత్రమే. ఎపాక్సీలో హార్డెనర్ పని వేరు. రెసిన్ అణువు చివర్లలో ఒక ఆక్సిజన్, రెండు కార్బన్లతో ఏర్పడిన చిన్న వలయాలుంటాయి. మనం మామూలుగా వాడే హార్డెనర్ ఒక అమైన్, అంటే నైట్రోజన్ ఉన్న రసాయనం. దానిలో నైట్రోజన్‌ను పట్టుకుని ఉన్న ఒక్కో హైడ్రోజన్ ఒక్కో వలయాన్ని తెరుస్తుంది, అక్కడ ముడి పడుతుంది. హార్డెనర్ ఎక్కువ పోస్తే దానికి జత దొరకదు, తక్కువ పోస్తే వలయాలు మిగిలిపోతాయి. రెండింటిలో ఏది జరిగినా అణువుల వల పూర్తిగా అల్లుకోదు, సరుకు మెత్తగానో జిగటగానో ఉండిపోతుంది. “త్వరగా గట్టిపడాలని రెండు చుక్కలు ఎక్కువ వేశాను” అనేవాళ్లకు జరిగేది ఇదే. తొందరగా కావాలంటే వేడి పెంచండి, లేదా ఫాస్ట్ హార్డెనర్ కొనండి. పాళ్లు మాత్రం ముట్టుకోవద్దు.

రెసిన్‌నే ఇంట్లో తయారు చేయొచ్చా అని కూడా అడుగుతుంటారు. వద్దు. ఫ్యాక్టరీలో బిస్ఫినాల్-ఏ, ఎపిక్లోరోహైడ్రిన్‌లను కాస్టిక్ సోడా సమక్షంలో కలిపి దాన్ని చేస్తారు. ఎపిక్లోరోహైడ్రిన్ విషం, క్యాన్సర్ కారకం. రెసిన్ కొనుక్కోండి, మనం చేసే కెమిస్ట్రీ డబ్బా మూత తీశాక మొదలవుతుంది.

కావలసినవి

- ఎపాక్సీ రెసిన్, దాని జోడీ హార్డెనర్. ఒక కంపెనీ రెసిన్‌కు ఇంకో కంపెనీ హార్డెనర్ కలపకండి.
- డిజిటల్ కాటా. 100 గ్రాముల లోపు పనులకు 0.1 గ్రాము వరకు చూపించేది ఉండాలి. కిలోల్లో పనైతే 1 గ్రాము కాటా చాలు.
- శుభ్రమైన, తడి లేని ప్లాస్టిక్ కప్పులు, ప్రతి కలుపుకు రెండేసి. మైనం పూత ఉన్న పేపర్ కప్పులు వద్దు, మైనం రెసిన్‌లో కలుస్తుంది.
- చదునైన అంచున్న పుల్లలు. ఐస్‌క్రీమ్ పుల్లలు బాగా పనికొస్తాయి.
- నైట్రైల్ గ్లౌజులు, కళ్లకు రక్షణ జోడు, పాత బట్టలు. పల్చటి లేటెక్స్ గ్లౌజుల్లోంచి అమైన్ దిగుతుంది.
- రసమట్టం, బ్రౌన్ టేప్, 120 నుంచి 220 నంబరు శాండ్ పేపర్, హీట్ గన్.
- గదిలో వేలాడదీయడానికి ఒక థర్మామీటర్. దీన్ని చాలామంది దండగ అనుకుంటారు. నన్నడిగితే కాటా తర్వాత ముఖ్యమైంది ఇదే.

గ్లౌజుల విషయంలో ఒక మాట. ఎపాక్సీ ఒకసారి అంటుకుంటే ఏమీ కాకపోవచ్చు, పదిసార్లూ ఏమీ కాకపోవచ్చు. కానీ ఒకసారి ఒంటికి పడకపోవడం మొదలైతే అది జీవితాంతం ఉండిపోయే అలర్జీ. ఆ తర్వాత డబ్బా దగ్గరికి వెళ్లినా దురద, దద్దుర్లు. చేతికి అంటితే థిన్నర్‌తో తుడవకండి, అది రెసిన్‌ను చర్మంలోకి ఇంకా దించుతుంది. పొడి గుడ్డతో తుడిచి సబ్బుతో కడగండి. కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు నీళ్లు పోస్తూ ఉండండి, ఆ వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

చేసే విధానం

ఉదాహరణకు 60 సెం.మీ. పొడవు, 40 సెం.మీ. వెడల్పు ఉన్న టేకు టీపాయ్ పైభాగం మీద 3 మి.మీ. మందాన పోస్తున్నారనుకుందాం.

1. డేటా షీట్ చదవండి. నాలుగు సంగతులు వెతకండి: పాళ్లు బరువు ప్రకారమా, ఘనపరిమాణం ప్రకారమా? కలిపాక చేతిలో ఎంతసేపు ఉంటుంది, అంటే పాట్ లైఫ్? ఒక్కసారికి ఎంత మందం పోయొచ్చు? పూర్తి బలం ఎన్నాళ్లకు? పాట్ లైఫ్ అంకె పక్కన సాధారణంగా 25 డిగ్రీలు అని ఉంటుంది. ప్రతి 10 డిగ్రీలకూ ఆ సమయం ఇంచుమించు సగమవుతుందని లెక్క వేసుకోండి. 40 నిమిషాలన్న రెసిన్ మే నెలలో, 35 డిగ్రీల గదిలో 20 నిమిషాలే.

2. రోజు ఎంచుకోండి. గది 22 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటే మేలు. డిసెంబరు రాత్రుల్లో 15 డిగ్రీల కిందికి దిగితే చాలా హార్డెనర్లు దాదాపు ఆగిపోతాయి. విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో, ఎక్కడైనా ముసురు పట్టిన రోజుల్లో ఇంకో చిక్కు ఉంది. గాలిలోని తేమ, కార్బన్ డయాక్సైడ్ రెండూ పైపొరలోని అమైన్‌తో కలిసి నూనె రాసినట్టు జిడ్డు పొర కడతాయి. దాన్ని బ్లష్ అంటారు. తేమ 70 శాతం దాటితే ఆ రోజుకు ఆగడం మంచిది. తప్పదంటే తలుపులు మూసి ఏసీ వేసి, గది చల్లబడి పొడిబారాక ఏసీ ఆపి, 25 డిగ్రీల దగ్గరికి వచ్చాక పోయండి.

3. రెసిన్ డబ్బాను వెలుతురులో పట్టుకుని చూడండి. చలికాలంలో అడుగున తెల్లగా పలుకులు కడుతుంది. పాడైపోలేదు, గడ్డకట్టింది అంతే. మూత కొద్దిగా వదులు చేసి, 50 నుంచి 60 డిగ్రీల వేడి నీళ్లలో పూర్తిగా తేటపడేదాకా ఉంచండి. నీటి చుక్క లోపలికి పోకూడదు. ఒక్క పలుకు మిగిలినా మళ్లీ అంతా పలుకులు కట్టడానికి అది చాలు. తేటపడ్డాక గది వేడికి రానిచ్చి వాడండి, వేడివేడిగా కలిపితే పాట్ లైఫ్ కరిగిపోతుంది.

4. చెక్కను సిద్ధం చేయండి. చెక్కలో తేమ 12 శాతం లోపు ఉండాలి. 120 నంబరుతో రుద్ది, దుమ్ము వాక్యూమ్‌తో తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. చుట్టూ బ్రౌన్ టేప్ అంటించిన ప్లైవుడ్ పట్టీలు బిగించండి, రెసిన్ టేపును పట్టుకోదు. రసమట్టం రెండు దిక్కులా పెట్టి చూడండి.

5. ఎంత కావాలో లెక్కకట్టండి. 60 × 40 × 0.3 = 720 మి.లీ. పాళ్లు ఘనపరిమాణంలో 2:1 అయితే రెసిన్ 480 మి.లీ., హార్డెనర్ 240 మి.లీ.

ఎక్కువ టీపాయ్‌లు పాడయ్యేది ఇక్కడే. రెసిన్ సాంద్రత సుమారు 1.15, హార్డెనర్‌ది సుమారు 0.95. కాబట్టి 480 మి.లీ. రెసిన్ అంటే 552 గ్రాములు, 240 మి.లీ. హార్డెనర్ అంటే 228 గ్రాములు. బరువు పాళ్లలో అది 100కి 41. డబ్బా మీది 2:1 చూసి కాటా మీద 100కి 50 తూచారంటే హార్డెనర్ ఐదో వంతు ఎక్కువైంది. అది జిగటగా మిగలడానికి ఇంకేం కారణం కావాలి? బరువు పాళ్లు విడిగా ఇస్తే కాటా వాడండి. ఘనపరిమాణమే ఇచ్చి సాంద్రత ఇవ్వకపోతే గీతలున్న కొలత కప్పులతో కొలవండి. రెండు పద్ధతులూ కలపొద్దు.

6. తూచండి. కప్పు పెట్టి కాటా సున్నా చేయండి, రెసిన్ పోయండి, మళ్లీ సున్నా చేయండి, హార్డెనర్ పోయండి. హార్డెనర్ ఎక్కువ పడితే, ఆ ఎక్కువకు తగ్గ రెసిన్ లెక్కకట్టి పోయండి. 2 శాతం తేడాను పట్టించుకోనక్కర్లేదు, 5 శాతం దాటనివ్వకండి. 20 గ్రాముల కీచైన్ పనిలో అర గ్రాము తప్పు ఎంత పెద్దదో మీరే లెక్కేసుకోండి.

7. కలపండి, గడియారం చూసి కనీసం 3 నుంచి 5 నిమిషాలు. గిలక్కొట్టకండి, బుడగలు పడతాయి. అంచులు, అడుగు, కప్పు మూల గీరుతూ మెల్లగా తిప్పండి. కప్పును వెలుతురుకు అడ్డంగా పట్టి చూస్తే మొదట్లో సన్నటి చారలు కదులుతుంటాయి, పంచదార నీళ్లలో కరిగేటప్పుడు కనిపించేలాంటివి. అవి పూర్తిగా పోవాలి. పోయాక మొత్తాన్ని రెండో శుభ్రమైన కప్పులోకి ఒంపి, కొత్త పుల్లతో ఇంకో రెండు నిమిషాలు కలపండి. మొదటి కప్పు గోడలకు అంటుకున్నది గీకి రెండో కప్పులో వేయకండి. అక్కడిది ఎప్పుడూ సగం కలిసినదే. టేబుల్ మీద అక్కడక్కడ అరచేయంత జిగట మచ్చలు మిగిలేది ఆ గీకుడు వల్లే.

8. వెంటనే పోయండి, కప్పులో ఉంచకండి. ఒక్కో ముడి పడినప్పుడల్లా వేడి పుడుతుంది. పల్చగా పరిస్తే ఆ వేడి గాలిలోకి పోతుంది. అర కిలో కప్పులో కూర్చుంటే వేడి చర్యను పెంచుతుంది, చర్య వేడిని పెంచుతుంది. కాసేపటికి కప్పు వంగిపోయి పొగ వస్తుంది. అలా జరిగితే కప్పును చేత్తో పట్టుకుని తిరగకండి, చెత్తబుట్టలో అసలే వేయకండి. ఆరుబయట ఇసుక మీదో గచ్చు మీదో పెట్టి, పొగకు దూరంగా ఉండండి. మూత బిగించొద్దు. మా వైపు ఎండాకాలంలో నేనైతే ఒక కలుపు 300 గ్రాములు దాటనివ్వను. ఈ టీపాయ్‌కైనా మూడు కలుపులుగా చేసి, తడి మీద తడి పోస్తాను.

9. ముందు సీల్ కోటు. చెక్క రంధ్రాల్లో గాలి ఉంటుంది. కొద్దిగా రెసిన్ కలిపి స్పాంజ్ బ్రష్‌తో పల్చగా రుద్దండి. సాయంత్రం, గది చల్లబడుతున్న వేళ చేయండి. చెక్క చల్లబడేటప్పుడు గాలిని లోపలికి లాగుతుంది, దాంతో రెసిన్‌నూ లాగుతుంది. పొద్దున పోస్తే ఎండ పెరిగేకొద్దీ లోపలి గాలి వ్యాకోచించి మధ్యాహ్నం దాకా బుడగలు తన్నుతూనే ఉంటాయి. సీల్ కోటు వేలికి అంటీ అంటనట్టు ఉన్నప్పుడు, సాధారణంగా 4 నుంచి 6 గంటలకు, అసలు పోత పోస్తే రెండు పొరలూ ఒకదానికొకటి రసాయనికంగా కట్టుకుంటాయి. ఆ సమయం దాటిపోతే మర్నాడు 220తో రుద్ది, తుడిచి పోయండి.

10. అసలు పోత. మధ్యలో పోసి పళ్ల గరిటెతోనో పాత ఏటీఎం కార్డుతోనో అంచులకు లాగండి. మామూలు టేబుల్ టాప్ రెసిన్‌ను ఒక్కసారికి 3 నుంచి 6 మి.మీ. మించి పోయకండి. రివర్ టేబుల్ (రెండు చెక్కల మధ్య రెసిన్ నదిలా పోసేది) లాంటి లోతైన పోతకు నెమ్మదైన డీప్ పోర్ రకాలు వేరుగా ఉంటాయి. పైకి తేలిన బుడగల మీద హీట్ గన్ ఆగకుండా కదుపుతూ తిప్పండి. ఒకచోట నిలిపితే పైపొర ముందే గట్టిపడి ముడతలు పడుతుంది.

11. మిగిలిన చివరి బొట్టును ఒక సీసా మూతలో పోసి, తేదీ రాసి టీపాయ్ పక్కనే పెట్టండి. పరీక్షలన్నీ దాని మీద చేయొచ్చు, టీపాయ్ మీద గీతలు పడవు. దాన్ని మించిన సాక్షి లేదు.

12. దుమ్ము పడకుండా పైన అట్టపెట్టెతో గుడారంలా కప్పి, 24 గంటలు ముట్టుకోకండి. 25 డిగ్రీల దగ్గర మర్నాటికి రుద్దడానికి వీలవుతుంది, పూర్తి గట్టిదనానికి వారం పడుతుంది.

బీటెక్ ప్రాజెక్టువాళ్లకు లెక్క

మీరు విడి రెసిన్, విడి హార్డెనర్ వాడతారు కాబట్టి పాళ్లు ఎక్కడి నుంచి వస్తాయో తెలియాలి. ఒక మోల్ ఎపాక్సీ వలయాలు ఎన్ని గ్రాముల రెసిన్‌లో ఉన్నాయో అదే ఈఈడబ్ల్యూ (ఎపాక్సీ ఈక్వివలెంట్ వెయిట్). మామూలు ద్రవ రెసిన్‌కు అది 182 నుంచి 192. హార్డెనర్ అణుభారాన్ని చర్యకు దిగే హైడ్రోజన్ల సంఖ్యతో భాగిస్తే ఏహెచ్‌ఈడబ్ల్యూ (అమైన్ హైడ్రోజన్ ఈక్వివలెంట్ వెయిట్) వస్తుంది. ట్రైఇథిలీన్ టెట్రమైన్ అణుభారం 146, హైడ్రోజన్లు 6, కాబట్టి 24.4.

100 గ్రాముల రెసిన్‌కు హార్డెనర్ = ఏహెచ్‌ఈడబ్ల్యూ × 100 ÷ ఈఈడబ్ల్యూ

24.4 × 100 ÷ 188 చేస్తే 13 గ్రాములు. మరి ల్యాబుల్లో ఎల్‌వై 556 అనే రెసిన్‌కు, ఇదే అమైన్ అయిన హెచ్‌వై 951 హార్డెనర్‌ను 100కి 10 చొప్పున ఎందుకు కలుపుతారు? చర్య ముదిరేకొద్దీ పుట్టే టెర్షియరీ అమైన్లు (నైట్రోజన్ మీద హైడ్రోజన్ మిగలనివి) కొన్ని వలయాలను వాటిలో వాటినే కలిపేస్తాయి, కాబట్టి హార్డెనర్ కాస్త తక్కువైనా వల అల్లుకుంటుంది. వైవాలో అడిగితే ఇది చెప్పండి, ల్యాబులో మాత్రం కంపెనీ అంకెనే పాటించండి.

పల్చబరచడానికి రియాక్టివ్ డైల్యూయెంట్ వేస్తే దానికీ వలయాలుంటాయి, లెక్కలో కలపాలి. ఉదాహరణకు 190 ఈఈడబ్ల్యూ ఉన్న రెసిన్ 90 గ్రాములు, 130 ఉన్న డైల్యూయెంట్ 10 గ్రాములు అయితే 90 ÷ 190, 10 ÷ 130 కలిపి 0.55. 100 ÷ 0.55 చేస్తే కొత్త ఈఈడబ్ల్యూ 182. నార, సిలికా, రంగు పొడి ఈ లెక్కలోకి రావు. థిన్నర్ కలపాలన్న ఆలోచనే వద్దు, అది లోపల ఇరుక్కుని ప్లేటును మెత్తబరుస్తుంది.

గది వేడిలో గట్టిపడిన ప్లేటును నేరుగా టెస్టింగ్‌కు తీసుకెళ్లకండి. ఒకరోజు అచ్చులో ఉంచి, తర్వాత ఓవెన్‌లో మెల్లగా 80 డిగ్రీలకు పెంచి రెండు మూడు గంటలు పోస్ట్ క్యూర్ చేయండి. వల గట్టిపడుతూ పోతే అణువులు కదల్లేని స్థితి వస్తుంది, చర్య మధ్యలోనే నిలిచిపోతుంది. వేడి చేస్తేనే మిగతాది పూర్తవుతుంది. డీఎస్‌సీ (శాంపిల్ ఎంత వేడి పీల్చిందో, వదిలిందో కొలిచే పరికరం) అందుబాటులో ఉంటే ఒకే శాంపిల్‌ను రెండుసార్లు వేడి చేయండి. మొదటిసారి వేడి విడుదలైన శిఖరం కనబడినా, రెండోసారి టీజీ (ప్లేటు గట్టిదనం వదిలి మెత్తబడే ఉష్ణోగ్రత) పెరిగినా మీ క్యూరింగ్ పూర్తి కాలేదన్నమాట.

టీపాయ్‌ను మాత్రం 80 డిగ్రీల్లో పెట్టకండి, చెక్క పగులుతుంది. గదిని 40 డిగ్రీల దగ్గర ఒకపూట ఉంచితే చాలు. పోస్ట్ క్యూర్ లేని ఎపాక్సీ 50, 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది కాబట్టి వేడి టీ గ్లాసు కింద కోస్టర్ పెట్టడం తప్పదు.

గట్టిపడిందా లేదా, ఎలా చూడాలి?

మొదట సీసా మూతలోని బొట్టు మీద గోరు నొక్కండి. 24 గంటలకు కొద్దిగా గాటు పడొచ్చు, వారానికి పడకూడదు. తర్వాత అసిటోన్ తడిపిన దూదితో కొన్ని సెకన్లు రుద్దండి. మెరుపు కాస్త తగ్గితే ఫర్వాలేదు, జిగురుగా మారితే లోపల జత దొరకని సరుకు ఉంది. నెయిల్ పాలిష్ రిమూవర్ వాడితే అందులో అసిటోన్ ఉందో లేదో చూసుకోండి, ఇప్పుడు చాలావాటిలో ఉండదు. గట్టిదనం కొలిచే షోర్ డీ మీటరు దొరికితే గట్టి టేబుల్ టాప్ రెసిన్ 75 నుంచి 85 మధ్య చూపాలి.

బొట్టు గట్టిపడి టీపాయ్ మచ్చలుగా జిగటపడితే కలపడంలో లోపం. రెండూ ఒకేలా మెత్తగా ఉంటే పాళ్లలో లోపం, లేదా చలి. ఏదో తేల్చడం తేలికే: బొట్టును 45 డిగ్రీల వెచ్చదనంలో ఒకరోజు ఉంచండి. గట్టిపడితే చలి, లేకపోతే పాళ్లు.

తేడా వస్తే

జిడ్డుగా మాత్రమే ఉంటే అది బ్లష్. గోరువెచ్చటి నీళ్లు, పాత్రలు తోమే స్క్రబ్బర్‌తో కడిగితే పోతుంది. థిన్నర్‌తో తుడిస్తే జిడ్డు పక్కకు పాకుతుందే తప్ప పోదు. కడిగి ఆరబెట్టకుండా పైన ఇంకో కోటు వేస్తే అది పొరలా లేచిపోతుంది.

పైన గుండ్రటి గుంటలు పడితే నూనె, సిలికాన్ స్ప్రే, లేదా చేతి జిడ్డు. గట్టిపడ్డాక రుద్ది, తుడిచి మళ్లీ ఒక పల్చటి కోటు. కాలం గడిచేకొద్దీ పచ్చబడటం ఎండలోని యూవీ వల్ల. కిటికీ దగ్గర పెట్టే వస్తువైతే పైన యూవీ తట్టుకునే పాలీయురథేన్ కోటు వేయండి.

మచ్చలుగా జిగట ఉంటే, గ్లౌజులు వేసుకుని ఆ మచ్చలను పుట్టీ బ్లేడుతో గట్టి పొర తగిలేదాకా గీకేయండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. మిగతా భాగాన్ని మాస్కు పెట్టుకుని, నీళ్లతో తడిపి రుద్దండి, ఆ దుమ్ము పీల్చేది కాదు. ఆరాక సరైన పాళ్లతో కొత్త కోటు పోయండి.

మొత్తం మెత్తగా ఉంటే పైన పోసినా లాభం లేదు, కింది పొర ఎప్పటికీ కదులుతూనే ఉంటుంది. హీట్ గన్‌తో వెచ్చబరిచి పుట్టీ బ్లేడుతో మొత్తం లేపేయాల్సిందే. లేపిన ముద్దను, కప్పుల్లో మిగిలిన రెసిన్‌ను కాలువలో పోయకండి. విడి రెసిన్, హార్డెనర్ మిగిలితే సరైన పాళ్లలో కలిపి, పల్చటి ట్రేలో పరిచి గట్టిపడనిచ్చి, ఆ తర్వాత చెత్తకు ఇవ్వండి.